చెవిలో కర్ణభేరికి చిల్లు పడిందా..? నూనె చుక్కలు వేసే ముందు ఇది తెలుసుకోండి!

అర్ధరాత్రి దాటింది. మూడేళ్ల పాప చెవి పట్టుకుని ఒకటే ఏడుపు. రెండ్రోజులుగా జలుబు, ఒళ్లు వెచ్చగా ఉంది. ఎత్తుకున్నా ఊరుకోదు, పాలు ఇచ్చినా తాగదు. తెల్లవారుజామున ఉన్నట్టుండి ఏడుపు ఆగింది.. పాప నిద్రపోయింది. ఇంట్లో అందరూ 'హమ్మయ్య, తగ్గింది' అనుకున్నారు. పొద్దున చూస్తే దిండు మీద పసుపు మరక, పక్కనే సన్నటి రక్తపు చార.

నిజానికి అక్కడ తగ్గింది నొప్పి మాత్రమే. రాత్రంతా చెవి లోపల చీము నిండుతూ వచ్చింది. ఒత్తిడి తట్టుకోలేక కర్ణభేరికి చిల్లు పడింది. చీము బయటికి వచ్చేసింది కాబట్టి ఒత్తిడి పోయింది, ఒత్తిడి పోయింది కాబట్టి నొప్పి పోయింది. సింపుల్‌గా అంతే.

ఇక్కడిదాకా భయపడాల్సింది పెద్దగా లేదు. ఇలా పడిన చిల్లు సరిగ్గా చూసుకుంటే చాలామంది పిల్లల్లో రెండు మూడు వారాల్లో దానంతట అదే పూడిపోతుంది. అసలు గొడవంతా ఆ తర్వాతే. ఆ పొద్దున అమ్మమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె తెస్తుంది. పక్కింటావిడ మెడికల్ షాపులో దొరికే చుక్కల పేరు చెబుతుంది. నాన్న కాటన్ బడ్‌తో చీము శుభ్రం చేస్తాడు. అందరిదీ ప్రేమే, అందులో డౌట్ లేదు. కానీ పూడాల్సిన చిల్లు పూడకుండా పోవడానికి ఎక్కువగా కారణమయ్యేవి కూడా ఇవే.

అసలు కర్ణభేరి ఏం చేస్తుంది?

బయటి నుంచి కనిపించే చెవి రంధ్రం లోపలికి సుమారు రెండున్నర సెంటీమీటర్లు వెళ్తే అక్కడ అడ్డంగా ఒక పల్చటి పొర ఉంటుంది. అదే కర్ణభేరి. కొందరు చెవి పర్దా అంటారు. సైజు చూస్తే మన చిటికెన వేలి గోరంత. వెడల్పు 8 నుంచి 10 మిల్లీమీటర్లు, మందం మిల్లీమీటరులో పదో వంతు. అంటే దాదాపు కాగితమంత పల్చన. అయినా అందులో మూడు పొరలు ఉంటాయి.

శబ్దం తగలగానే ఈ పొర అదురుతుంది. దాని వెనక మూడు బుల్లి ఎముకలు గొలుసులా ఉంటాయి. ఆ అదురును అవి లోపలి చెవికి చేరవేస్తాయి. పెద్ద పొర మీద పడిన శబ్దం చిన్న కిటికీలాంటి రంధ్రం దగ్గరికి చేరేసరికి దాని బలం సుమారు 20 రెట్లు పెరుగుతుంది. ఇంకో పని కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. బయటి నీళ్లు, దుమ్ము, క్రిములు లోపలికి వెళ్లకుండా ఆపే తలుపు కూడా కర్ణభేరే.

చిల్లు పడితే ఈ రెండు పనులూ దెబ్బతింటాయి. చిన్న చిల్లయితే వినికిడిలో తేడా అంతగా తెలియకపోవచ్చు. పెద్దదైతే ఎదుటివాళ్లు నోట్లో గొణుగుతున్నట్టు ఉంటుంది. 'చిల్లు పడింది, ఇక చెవుడే' అని కంగారు పడాల్సిన పనిలేదు. వినికిడి నరం బాగానే ఉంటే చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు. అయితే తలుపు తెరిచి ఉన్నంతకాలం లోపలికి ఏది వెళ్తుందన్నదే ముఖ్యం.

చిల్లు ఎందుకు పడుతుంది?

పిల్లల్లో అయితే మొదటి కారణం జలుబు. ముక్కు వెనక నుంచి చెవి లోపలికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. యూస్టేషియన్ ట్యూబ్ అంటారు. పెద్దవాళ్లలో అది పొడవుగా, ఏటవాలుగా ఉంటుంది. చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే ముక్కులో ఇన్ఫెక్షన్ తేలిగ్గా చెవికి పాకుతుంది. పాల సీసా పట్టేటప్పుడు బిడ్డను పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టకుండా తల కాస్త ఎత్తులో పెట్టమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

పెద్దవాళ్ల విషయానికొస్తే కాటన్ బడ్స్, పిన్నీసులు, అగ్గిపుల్లలు, బండి తాళాలు. (అవును, తాళాలే.. బస్టాప్‌లో పది నిమిషాలు నిలబడి చూడండి, ఎవరో ఒకరు కనిపిస్తారు.) బడ్ పెట్టుకుని ఉండగా పక్కనుంచి పిల్లాడు వచ్చి మోచేయి తగిలించడం, తలుపు తగలడం.. ఇలా పడే చిల్లులు బోలెడు. ఇప్పుడు కొత్తగా ఫోన్‌కి కనెక్ట్ అయ్యే కెమెరా ఉన్న ఇయర్ పిక్‌లు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. గులిమి తీసే రీల్స్ చూసి కొనేస్తున్నారు. స్క్రీన్ మీద అంతా పెద్దదిగా కనిపిస్తుంది కానీ చేతికి లోతు తెలియదు. అయినా గులిమి చెత్త కాదు. చెవిని కాపాడే మైనం అది. మామూలుగా దవడ కదలికలతో దానంతట అదే బయటికి వస్తుంది.

దీపావళికి చెవి దగ్గర పేలిన బాంబు, చెరువులోకో బావిలోకో దూకినప్పుడు చెవి అడ్డంగా నీళ్లకు తగలడం, రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ.. ఇవన్నీ కారణాలే. విమానంలో గాలి ఒత్తిడి మారినా చెవులకు దెబ్బే. 2018 సెప్టెంబర్ 20న ముంబై నుంచి జైపూర్ బయల్దేరిన విమానంలో క్యాబిన్ ప్రెషర్ నిలిపే స్విచ్ వేయడం సిబ్బంది మర్చిపోయారు. 30 మందికి పైగా ప్రయాణికులకు ముక్కు, చెవుల నుంచి రక్తం వచ్చింది. విమానం వెనక్కి తిప్పేశారు. ఆ రోజు ఆక్సిజన్ మాస్కులు వేలాడుతున్న వీడియోలు అందరి ఫోన్లలో తిరిగాయి, గుర్తుండే ఉంటుంది.

మరి ఇయర్‌ఫోన్స్ సంగతి? ఈ వార్త చదువుతున్న వాళ్లలో సగం మందికి ఇప్పుడు చెవిలో ఉండే ఉంటాయి. ఫుల్ సౌండ్ పెట్టినంత మాత్రాన కర్ణభేరికి చిల్లు పడదు. దానివల్ల దెబ్బతినేది ఇంకా లోపల ఉన్న వినికిడి కణాలు. అవి పోతే తిరిగి రావు. ఒకరకంగా చిల్లే నయం, దాన్ని పూడ్చొచ్చు.

'బాత్రూంలో జారిపడ్డా' అనే కేసులు

ఒక కారణం గురించి విడిగా చెప్పుకోవాలి. అది చెంపదెబ్బ.

అరచేయి చాపి చెవి మీద కొడితే చెవి రంధ్రంలోని గాలి ఒక్కసారిగా లోపలికి నొక్కుకుంటుంది. ఆ ఒత్తిడికి కర్ణభేరి చిరుగుతుంది. కొట్టేవాళ్లలో ఎక్కువమంది కుడిచేతి వాటం వాళ్లు కాబట్టి దెబ్బ ఎక్కువగా ఎడమ చెవికే తగులుతుంది. డాక్టర్ దగ్గరికి వచ్చాక మాత్రం 'బాత్రూంలో జారిపడ్డా', 'ఆడుకుంటుంటే బాల్ తగిలింది' అనే మాటలే వస్తాయి. కొట్టింది భర్తో, టీచరో, హాస్టల్లో సీనియరో అయినప్పుడు నిజం చెప్పడం అంత తేలిక కాదు. అర్థం చేసుకోవచ్చు.

కానీ నిజం చెబితే రెండు లాభాలు. ఒకటి, డాక్టర్ ఆ కోణంలో చూస్తారు. దెబ్బ గట్టిదైతే లోపలి ఎముకల గొలుసు, వినికిడి నరం కూడా చెక్ చేయాలి. రెండోది, మెడికో లీగల్ కేసుగా రికార్డులోకి ఎక్కుతుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 116 ప్రకారం ఏ ఒక్క చెవి వినికిడి శాశ్వతంగా పోయినా అది 'తీవ్ర గాయం' కిందకే వస్తుంది. స్కూల్లో పిల్లల్ని కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 నిషేధించింది. పిల్లల విషయంలో 1098కి, మహిళలు 181కి ఫోన్ చేయొచ్చు. మొదటి రోజు చెవిని పరీక్షించి రాసిన కాగితం, ఆడియోగ్రామ్ రిపోర్ట్ జాగ్రత్తగా దాచుకోండి. నెల తర్వాత చిల్లు పూడిపోతే చూపించడానికి మిగిలేది ఆ కాగితాలే.

ఎలా తెలుస్తుంది?

ఒక్కసారిగా సూదితో పొడిచినట్టు నొప్పి, వెంటనే చెవి మూసుకుపోయినట్టు ఉండటం, లోపల హోరుమని శబ్దం. కొద్దిగా రక్తం రావచ్చు. కాసేపు తల తిరగొచ్చు. ముక్కు చీదినప్పుడు చెవిలోంచి గాలి 'స్‌స్'మని బయటికి వస్తుంటే దాదాపు చిల్లు ఉన్నట్టే. అయితే టెస్ట్ చేద్దామని కావాలని ముక్కు మూసుకుని గాలి ఊదొద్దు! ముక్కులో ఉన్న క్రిములన్నీ చెవిలోకి పంపినట్టవుతుంది.

ఈఎన్‌టీ డాక్టర్ ఓటోస్కోప్ అనే చిన్న లైటుతో చూసి నిమిషంలో చెప్పేస్తారు. తర్వాత ట్యూనింగ్ ఫోర్క్, అవసరమైతే ఆడియోగ్రామ్. చిల్లు చిన్నదిగా ఉండి వినికిడి మాత్రం బాగా తగ్గిందంటే వెనక ఎముకలకు కూడా దెబ్బ తగిలిందేమోనని అనుమానిస్తారు.

కొన్ని లక్షణాలు ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. నిలబడలేనంతగా తల తిరగడం, వాంతులు, మూతి ఒక పక్కకు వంకర పోవడం, చెవి వెనక ఎముక దగ్గర వాపు, తీవ్రమైన తలనొప్పితో జ్వరం, చెవి పూర్తిగా వినపడకపోవడం. తలకు దెబ్బ తగిలాక చెవిలోంచి నీళ్లలా పల్చగా కారుతుంటే నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి. అది మెదడు చుట్టూ ఉండే ద్రవం అయ్యే ప్రమాదం ఉంది.

ట్రీట్‌మెంట్ అంటే ముందు ఏమీ చేయకపోవడమే

వినడానికి వింతగా ఉంటుంది. దెబ్బ వల్ల పడిన చిల్లు పొడిగా ఉండి, చీము లేకపోతే చాలాసార్లు చుక్కల మందు కూడా అవసరం లేదు. డాక్టర్ 'చెవి పొడిగా ఉంచండి, నెల తర్వాత రండి' అని పంపేస్తే చాలామంది నిరుత్సాహపడతారు. 'ఇంత ఫీజు తీసుకుని మందే రాయలేదు' అంటూ ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తారు. ఆ మాట చెప్పిన డాక్టరే కరెక్ట్. ఇలాంటివి చాలావరకు 6 నుంచి 8 వారాల్లో, కొన్ని 3 నెలల్లో మూసుకుపోతాయి.

పొడిగా ఉంచడం అంటే ఎలా? స్నానం చేసేటప్పుడు దూదిని ఉండలా చేసి, దానికి వాజిలిన్ పూసి చెవి రంధ్రం ముందు పెట్టుకోవాలి. లోపలికి తోయొద్దు. ఉత్త దూది పెడితే అదే నీళ్లు పీల్చి లోపలికి పంపిస్తుంది. స్నానం అయ్యాక తీసేయాలి, రోజంతా పెట్టుకుని తిరగొద్దు. స్విమ్మింగ్ పూల్, చెరువు, కాలువ, పుష్కర స్నానంలో మునగడం.. చిల్లు పూడిందని డాక్టర్ చెప్పేదాకా వద్దు. ముక్కు గట్టిగా చీదొద్దు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి.

నూనె ఎందుకు వద్దంటే.. చిల్లు లేని చెవిలో పోసిన నూనె కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది. చిల్లు ఉంటే నేరుగా మధ్య చెవిలోకి దిగుతుంది. అక్కడ నుంచి తుడిచి తీయడం కుదరదు. వంటింట్లో కాచిన నూనె శుభ్రమైన మందేమీ కాదు, దానితో పాటు క్రిములు వెళ్తాయి, ఫంగస్ పడుతుంది. వేడి ఎక్కువైతే కాలుతుంది కూడా. మా ఇంట్లో చిన్నప్పుడు ఇదే వైద్యం, నాకూ చేశారు. నా చెవులు బాగానే ఉన్నాయి కదా అని వాదించొచ్చు. చిల్లు లేదు కాబట్టి బాగున్నాయి. చిల్లు ఉందో లేదో బయటి నుంచి చూసి అమ్మమ్మ చెప్పలేదు, నేనూ చెప్పలేను. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, ఉల్లిపాయ రసం, గులిమి కరిగించే చుక్కలు.. అన్నిటికీ ఇదే లెక్క. సిరంజితో నీళ్లు కొట్టి కడగడం కూడా వద్దు.

మెడికల్ షాపు చుక్కల్లో ఇంకో మెలిక ఉంది. చెవి చుక్కలన్నీ ఒకటి కాదు. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ చిల్లు ద్వారా లోపలి చెవికి చేరితే వినికిడి కణాలనే దెబ్బతీసే ప్రమాదం ఉంది. చిల్లు ఉండి చీము కారుతున్నప్పుడు డాక్టర్లు సాధారణంగా సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ రకం చుక్కలు రాస్తారు. వీటికి ఆ ప్రమాదం లేదు. ఫంగస్ ఉంటే మళ్లీ వేరే మందు. 'పోయినసారి వాడిన సీసా ఇంట్లో ఉందిలే' అని వేయకూడదు అనేది అందుకే. అది ఏ రకమో, మూత తీసి ఎన్ని నెలలైందో ఎవరికి గుర్తుంటుంది?

ఏళ్ల తరబడి కారే చెవి

చిల్లు పూడకుండా రెండు వారాలకు మించి చెవి కారుతూనే ఉంటే దాన్ని దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్‌గా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది. 2004లో ఆ సంస్థ ఇచ్చిన నివేదికలో ఈ సమస్య బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో మనదీ ఉంది. మన ఊళ్లలో 'వాడికి చిన్నప్పటి నుంచీ చెవి కారుద్ది' అని మామూలుగా చెప్పేస్తారు, ఎత్తు, రంగు చెప్పినట్టు. వాసన వస్తుందని క్లాసులో పక్కన కూర్చోరు. టీచర్ చెప్పేది సగమే వినపడుతుంది. మార్కులు తగ్గితే 'శ్రద్ధ లేదు' అని రాసేస్తారు. ఆ పిల్లాడికి శ్రద్ధ లేక కాదు, వినపడక.

డాక్టర్లు ఇందులో రెండు రకాలు చూస్తారు. మామూలుగా 'సేఫ్', 'అన్‌సేఫ్' అంటారు. మొదటి రకంలో చిల్లు పర్దా మధ్యలో ఉంటుంది. జలుబు చేసినప్పుడో నీళ్లు పోయినప్పుడో జిగురుగా కారి ఆగుతుంది. రెండో రకంలో చిల్లు పైభాగంలోనో అంచునో ఉంటుంది. కారేది కొంచెమే, కానీ దుర్వాసన. లోపల చర్మం పొరలు పోగుపడి గడ్డలా తయారవుతుంది. దీన్ని కొలెస్టియటోమా అంటారు. పేరు చూసి క్యాన్సర్ అనుకోకండి, కాదు. కానీ చుట్టూ ఉన్న ఎముకను మెల్లగా తినేస్తుంది. బుల్లి ఎముకలు, ముఖ నరం, చివరికి మెదడు దాకా ఇన్ఫెక్షన్ వెళ్లొచ్చు. దీనికి చుక్కలతో పని జరగదు, ఆపరేషన్ చేయాల్సిందే. నొప్పి లేదు కదా అని వదిలేసే చెవి ఎక్కువగా ఇదే.

ఆపరేషన్ ఎలా ఉంటుంది?

మూడు నెలలైనా పూడని చిల్లుకు ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. చాలా చిన్న చిల్లయితే క్లినిక్‌లోనే అంచులు కాస్త గీరి, పైన కాగితంలాంటి ప్యాచ్ అంటిస్తారు. దాని ఆసరాతో కొత్త పొర పాకుతుంది. పెద్దదైతే టింపనోప్లాస్టీ. చెవి పైన కండరం మీద ఉండే పల్చటి పొరను గానీ, చెవి ముందుండే చిన్న మృదులాస్థిని గానీ కొంచెం తీసి కర్ణభేరికి అతుకు వేస్తారు. చిరిగిన చొక్కాకి అదే గుడ్డతో మాసిక వేసినట్టు అన్నమాట. మన శరీరంలోదే కాబట్టి అతుక్కుంటుంది. మైక్రోస్కోప్ కింద గానీ, చెవి రంధ్రంలోంచే ఎండోస్కోప్‌తో గానీ చేస్తారు. పదిలో ఎనిమిది తొమ్మిది ఆపరేషన్లలో చిల్లు మూసుకుంటుంది. సిగరెట్ తాగేవాళ్లలో ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ.

చిన్నపిల్లలకు వెంటనే చేయకుండా కొంతకాలం ఆగుతారు. జలుబులు తగ్గే వయసు, అంటే ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా చూడమనొచ్చు. అలా ఆగమంటే వదిలేయమని కాదు, చెవి పొడిగా ఉంచుతూ చెకప్‌కి తీసుకెళ్లమని.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు తలస్నానం జాగ్రత్త, బరువులు ఎత్తొద్దు, విమానం ఎక్కే ముందు డాక్టర్‌ని అడగాలి. ఇక్కడో విచిత్రం ఉంది. చిల్లు తెరిచి ఉన్న చెవికి విమానంలో నొప్పి తక్కువే, గాలి అటూ ఇటూ పోతుంది కాబట్టి. కొత్తగా అతుకు వేసిన చెవికే ఇబ్బంది. లోపల పెట్టిన ప్యాకింగ్ కరిగేదాకా వినికిడి ఆపరేషన్‌కు ముందుకంటే తక్కువగా అనిపించొచ్చు, టకటకమని శబ్దాలు రావచ్చు. ఫలితం ఎలా ఉందో సుమారు మూడు నెలలకు చేసే ఆడియోగ్రామ్‌లో తెలుస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాద్ కోఠిలో, విశాఖలో చెవి, ముక్కు, గొంతుకు ప్రత్యేకంగా ప్రభుత్వ ఆస్పత్రులు ఉన్నాయి. మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో ఈఎన్‌టీ ఓపీ ఉంటుంది. చాలా జిల్లా ఆస్పత్రుల్లోనూ డాక్టర్లు ఉంటారు. ప్రభుత్వ ఆరోగ్య పథకాల్లో చెవి ఆపరేషన్లు కూడా ఉన్నాయి. మీ కేసుకు వర్తిస్తుందా లేదా అన్నది ఆపరేషన్ డేట్ తీసుకునే ముందే ఆస్పత్రిలోని పథకం హెల్ప్‌డెస్క్‌లో అడిగి తేల్చుకోండి. అంగన్‌వాడీ, ప్రభుత్వ స్కూళ్ల పిల్లల్ని చూడటానికి వచ్చే ఆర్‌బీఎస్‌కే టీమ్ చెక్ చేసే జబ్బుల్లో చెవి ఇన్ఫెక్షన్ కూడా ఉంది. మీ పిల్లాడి చెవి కారుతుంటే ఆ రోజు స్కూల్ మానిపించొద్దు, టీచర్‌కి ముందే చెప్పి ఉంచండి. అప్పటిదాకా వాడిని ముందు బెంచీలో, బాగా వినపడే చెవి టీచర్ వైపు ఉండేలా కూర్చోబెట్టమని కూడా అడగండి.